ఒప్పజెప్పిన పాపాలు

సంఘ పెద్దలారా, మన పిల్లలను పాడుచేసింది మీరే. నెపం మరొకరి మీదికి నెట్టడానికి వీల్లేదు. మన పెదరేవులంక చుట్టూ కొల్లేరు తప్ప మరేమీ లేదు. ఏలూరులో తెర మీద బొమ్మల ఆట ఆడుతుందని వినడమే గాని మన పిల్లలు చూసినవాళ్ళు కారు. కల్లుపాక అవతలి లంకలో ఉంది. ఖద్దరు టోపీలవాళ్ళు దోనె ఎక్కడానికి భయపడి గట్టు మీంచే ఉపన్యాసం చెప్పి పోయారు. ఇన్ని రక్షణల మధ్య పెరిగిన మన సండేస్కూలు పిల్లలు ఈనాడు నిజం చెబుతున్నారంటే, అది కేవలం మీ చేతి చలవ. మీరు నేర్పించారు. వాళ్ళు నేర్చుకున్నారు. నేర్పితే నేర్చుకుంటారని ముందుగా ఊహించకపోవడం మీ మొదటి నేరం.

రెండో నేరం బాతు. దాని సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు.

కిందటి కోతల పండుగకు, దోనె నడిపే ఏసోబు ఒక బాతును తెచ్చి గుళ్ళో కానుకగా పెట్టాడు. వాళ్ళ పిల్లకు జ్వరం తగ్గితే తెస్తానని మొక్కుకున్నాడట. జ్వరం తగ్గింది, బాతు వచ్చింది. గుమ్మడికాయలూ అరటిగెలలూ వేలంపాటకు పోయాయి గాని, బాతు వంతు వచ్చేసరికి పొద్దుపోయింది. వచ్చే ఆదివారం పాట పెడదామన్నారు. అందాకా ఆ బాతును మార్తమ్మకు అప్పగించారు.

మార్తమ్మంటే మన గుడి ఊడ్చి, గంట కొట్టే విధవరాలు. గుడి ఆవరణలో, మెరక మీద, ఒక పాకలో ఉండేది. ఎందుకంటే గంట అక్కడ ఉంది. మెరక అన్న మాట గుర్తుంచుకోండి. మన లంకలో మెరకకూ పల్లానికీ ఉన్న తేడా, ఏడాదిలో నాలుగు నెలలు బతుకుకూ మునకకూ ఉన్న తేడా.

సోమవారం మధ్యాహ్నం మన సంఘ పెద్దలు విశ్వాసంగారి ఇంట సమావేశమయ్యారు. కోతల పండుగ ఎంత భక్తిగా జరిగిందో చర్చించడానికి. విశ్వాసంగారు మన సంఘానికి పెద్ద. పేరులో ఉన్నది చాలునని ఆయన విడిగా విశ్వాసాన్ని సంపాదించుకోలేదు. ఆయన పక్కన జ్ఞానయ్యగారు. ఈయన విషయమూ అంతే. మిగిలిన పెద్దల పేర్లు చెప్పి ప్రయోజనం లేదు, వాళ్ళు ఈ ఇద్దరూ తల ఊపినప్పుడు తల ఊపడానికి ఎన్నికైనవారు. భక్తి మీద చర్చ సాగుతూ ఉండగా పెద్దలకు ఆకలేసింది. దేవుని సేవకుల ఆకలి దేవుని బాధ్యత అని జ్ఞానయ్యగారు సెలవిచ్చారు. దేవుని దగ్గర ఆ పూట ఒక బాతు ఉంది.

మార్తమ్మ నీళ్ళకు పోయిన సమయం చూసి బాతును తీసుకురావడానికి విశ్వాసంగారు లిడియాను పంపారు. లిడియా ఆయన తమ్ముడి కూతురు. తండ్రి పోయాడు. తల్లి యేసమ్మ ఆ ఇంట్లోనే దంపుడూ రుబ్బుడూ చేసి తానింత తిని పిల్లకింత పెడుతుంది. పెదనాన్న తెమ్మన్నాడు, పిల్ల తెచ్చింది. ఈకలు పీకమన్నాడు, పీకింది. యేసమ్మ మసాలా నూరింది. ఆ మధ్యాహ్నం పడమటి గాలి వీచింది. ఇంతకన్నా వర్ణించను. మీకూ ముక్కులున్నాయి.

ఆదివారం వచ్చింది. పాట పెట్టడానికి బాతు లేదు. ఏసోబు మర్యాదస్తుడు. గొంతు పెంచకుండా, చేతులు నలుపుకుంటూ, గుడి మెట్ల మీద నిలబడి అడిగాడు.

"ఏవండీ, మరి మా బాతండీ?"

"నీ బాతేమిట్రా, దేవుడి బాతు" అన్నారు విశ్వాసంగారు.

"దేవుడి బాతేనండీ. ఆయన దగ్గిరికి చేరిందో లేదోనని అడుగుతున్నానండీ."

ఇది దైవభక్తి గల ప్రశ్న. జవాబు చెప్పక తప్పదు. అందుచేత విచారణ జరిగింది. బాతును తిన్నవారే విచారణకర్తలు. ఇందులో ఆక్షేపించవలసినది లేదు. సంగతి వాళ్ళకు తెలిసినంత బాగా ఇంకెవరికి తెలుసు? మార్తమ్మను నిలబెట్టి, బాతు నీ దగ్గర ఉండగా పోయింది గనుక నువ్వే తీశావన్నారు. తీయలేదండీ అంది. తీయకపోతే ఎలా పోయిందన్నారు. నాకు తెలియదండీ అంది. తెలియకపోవడం కాపలాదారుకు మహాపాపమన్నారు. అప్పుడు సాక్ష్యం కోసం లిడియాను పిలిచారు. పిల్ల చేతిలో అప్పటికే ఒక బెల్లపచ్చు ఉంది. నోట్లో ఒక వాక్యం ఉంది. రెండూ పెదనాన్న పెట్టినవే.

"మార్తమ్మత్త బాతుని చంకలో పెట్టుకుని రేవుకి పోతోందండీ. చూశానండీ" అని ఒప్పజెప్పింది.

మార్తమ్మ ఆ పిల్లవైపు ఒకసారి చూసింది. మరి మాట్లాడలేదు. మాట్లాడకపోవడాన్ని పెద్దలు అంగీకారంగా నమోదు చేశారు.

తీర్మానం జరిగిపోయింది. దైవద్రవ్యాపహరణ దోషం కింద మార్తమ్మకు రొట్టే రసమూ అందకుండా ప్రభువు బల్లకు దూరం చేశారు. గుళ్ళో అడుగుపెట్టరాదన్నారు. గంట తాడు ముట్టుకోరాదన్నారు. గంట లేనిదానికి గుడి ఆవరణలో పాక దేనికన్నారు. పాక విప్పి, రెల్లూ వాసాలూ నెత్తిన పెట్టుకుని, ఆమె పల్లానికి దిగింది. తుంగలో, నీటి ఒడ్డున, మళ్ళీ నిలబెట్టుకుంది. ఏటా తొలి వరదకు కొల్లేరు మొదట అడిగేది ఆ జాగానే. సంఘం ఆమెను శిక్షించలేదని, కొంచెం కిందికి జరిపిందనీ విశ్వాసంగారు దయతో వివరించారు.

ఇక్కడితో ఆగిపోతే ఇది నలుగురికీ తెలిసిన మామూలు వ్యవహారం. దీనికి కథ ఎందుకు? ఆగలేదు. ఎందుకంటే మనకు హార్మనీ పెట్టె కావలసివచ్చింది.

ఏలూరు నుంచి మన సండేస్కూళ్ళను చూసే మిస్సమ్మగారు ఆ ఏడు ఒక ప్రకటన చేశారు. పిల్లలకు పాపాలు ఒప్పుకోవడం బాగా నేర్పించిన సంఘానికి ఒక హార్మనీ పెట్టె బహుమానం. దేవునితోనూ ఒప్పుకోవాలి, ఎవరికి తప్పు చేశామో వారితోనూ ఒప్పుకోవాలి. అది పాఠం. కొండమీద ఎండాకాలం గడిపి, దిగివచ్చాక, జూను నెలలో ఆమె ఒక్కొక్క ఊరే వచ్చి స్వయంగా వింటారు.

జిల్లా అంతటా పాపాలకు గిరాకీ పెరిగింది. తాడేపల్లిగూడెం పిల్లలు సాధనలోనే వరసగా నిలబడి, ఒకే గొంతుతో, తాళం తప్పకుండా పశ్చాత్తాపపడ్డారని కబురొచ్చింది. అత్తిలి పిల్లలు ఏకంగా కన్నీళ్ళు పెట్టారట. వాళ్ళ జేబుల్లో ఉల్లిపాయ ముక్కలున్నాయని గూడెంవాళ్ళు ఫిర్యాదు చేశారు. పెంటపాడులో ఒక కుర్రవాడు చేయని పాపాలు కూడా ఒప్పుకుని మూర్ఛపోయాడని, ఆ సంఘం మీద గెలవడం కష్టమనీ మనవాళ్ళు భయపడ్డారు.

మన సండేస్కూలు పంతులు అహరోనుగారు నెమ్మదస్తుడు. కోపం రాదు, ధైర్యమూ రాదు. ఆయన్ను పెద్దలు పిలిచి, మన పిల్లలు ఎవరికీ తీసిపోకూడదన్నారు. అయితే పిల్లలను వాళ్ళ ఇష్టానికి వదిలితే ఏ పాపం చెబుతారో తెలియదు గనుక, పాపాలను కమిటీయే ఏర్పాటు చేస్తుందన్నారు. ఏర్పాటు చేసింది. ఇంటింటి గౌరవాన్నిబట్టి పంచింది.

జ్ఞానయ్యగారి అబ్బాయి ఏసుబాబుకు "ఒకనాటి సాయంకాల ప్రార్థన మరచితిని" అన్నది ఇచ్చారు. చిన్నదీ, శుభ్రమైనదీ, ఎక్కడికైనా తొడుక్కుని వెళ్ళదగ్గదీ. మెరక మీది ఇళ్ళ పిల్లలకు కోపగించుట, నిద్రపోవుట వంటివి దొరికాయి. పల్లపు పిల్లలకు దొంగతనాలు మిగిలాయి. కూలివాడి కొడుకు పేతురుకు "పొరుగువాని తోటలో మామిడికాయలు దొంగిలించితిని" అన్నది వచ్చింది. వాడు ఎదురుచెప్పాడు.

"లంకలో మామిడి చెట్టు లేదు గదండీ. చెట్టు లేకుండా ఎలా దొంగిలించానండీ?"

అది నీ తెలివితేటల మీద ఆధారపడి ఉందన్నారు అహరోనుగారు. పోనీ, నేను నిజంగానే మావులో చేపలు తీశానండీ, అది చెప్పుకుంటానన్నాడు పేతురు. చేపల కోసం కొల్లేట్లో పాతే తడికల బుట్టనే మావంటారు. ఆ మావు జ్ఞానయ్యగారిది. దాన్ని ఆయన పాతింది ఏసోబు వంతు నీళ్ళలో. అందుచేత ఆ పాపాన్ని కమిటీ పరిశీలించి, ఇది ప్రదర్శనకు పనికిరాదని తిరస్కరించింది. పేతురు తల్లి అహరోనుగారి ఇంటికి వచ్చి, మా పిల్లాడికి కూడా ఏదైనా మర్యాదైన పాపం ఇప్పించండి బాబూ, రేపు వాడికి పిల్లనివ్వాలంటే ఎవరిస్తారని బతిమాలింది. ఆమె ఒక్కతే కాదు, చాలామంది తల్లులు వచ్చారు. తమ పిల్లలకు ఏ పాపమూ రాలేదని ఇద్దరు ఏడ్చారు.

లిడియాకు "తల్లికి తెలియకుండ చక్కెర తింటిని" అన్నది వచ్చింది. పెదనాన్న ఇంటి హోదాకు తగినది.

ఇక నెలన్నర పాటు ఒప్పజెప్పడమే. మన భాషలో ఒక సుఖం ఉంది. పాఠమైనా ఒప్పజెప్పుతాం, పాపమైనా ఒప్పుకుంటాం. ఈ రెంటికీ మధ్య ఉన్న గీత ఎంత సన్నదంటే కమిటీ కంటికి ఆనలేదు. అహరోనుగారు బెత్తం పట్టుకుని ఒక్కొక్కరినీ లేపేవారు. తప్పు పలికితే చేతి మీద ఒకటి వేసేవారు. ఒక రోజు లిడియా ఒక్క అక్షరం పొల్లుపోకుండా చక్కెర సంగతి ఒప్పజెప్పి, కూర్చోకుండా నిలబడే ఉంది.

"పంతులుగారండీ, తప్పు ఒప్పుకుంటే ఒప్పయిపోతుందాండీ?"

"అవుతుందమ్మా. దేవుని దగ్గర."

"మరి మనం ఎవరికి తప్పు చేశామో, వాళ్ళ దగ్గరండీ?"

అహరోనుగారు కిటికీలోంచి బయటికి చూశారు. కిటికీలోంచి పల్లంలోని తుంగ కనిపిస్తుంది.

"అది పై తరగతి పాఠమమ్మా" అన్నారు. "కూర్చో."

పిల్ల కూర్చుంది. కాని పాఠంలో రెండు ముక్కలున్నాయని ఆమెకు తెలుసు. దేవునితో ఒకటి, మనుషులతో ఒకటి. రెండోదాన్ని పంతులుగారు ఎందుకు మింగారో తెలియలేదు. సాయంత్రాలు గంట కొట్టే వేళకు గుడి దగ్గర నిలబడేది. ఇదివరకు మార్తమ్మ ఆ పిల్లను ఎత్తుకుని తాడు అందించేది. ఇప్పుడు గంట విశ్వాసంగారి పాలేరు కొడుతున్నాడు. వాడికి ప్రార్థన వేళకూ నిప్పంటుకున్న వేళకూ తేడా తెలియక, రెండుసార్లు ఊరంతా బిందెలతో పరుగెత్తింది.

జూను వచ్చింది. మబ్బులు పట్టాయి. కొల్లేట్లో కలిసే తమ్మిలేరులో ఎర్రనీరు దిగిందని చేపలవాళ్ళు చెప్పుకున్నారు. ఒక ఆదివారం పొద్దున ఏసోబు దోనెలో మిస్సమ్మగారూ, ఆవిడ గొడుగూ, గుడ్డ కప్పిన హార్మనీ పెట్టె దిగాయి.

ఆవిడను గురించి ఒక్క మాట. మంచి మనిషి. అయితే ఏలూరులో ఒక పండితులవారి దగ్గర ఏళ్ళ తరబడి తెలుగు నేర్చారు. ఆ పండితులవారు మనం మాట్లాడేదాన్ని తెలుగుగా గుర్తించరు. ఫలితంగా మిస్సమ్మగారికి ఈ జిల్లాలో ఎవరూ మాట్లాడని తెలుగు ధారాళంగా వచ్చు. మనందరం మాట్లాడే తెలుగు ఒక్క ముక్క తెలియదు. "నావను తీరమునకు చేర్పుము" అని ఆవిడ అన్నప్పుడు, ఏసోబు తన వెనక ఇంకెవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. అందుచేత ఆవిడ ఏ ఊరు వెళ్ళినా, తెలుగును తెలుగులోకి తర్జుమా చేయడానికి ఒక మనిషి కావాలి. మన ఊళ్ళో ఆ పని అహరోనుగారిది.

గుడి నిండింది. మార్తమ్మకు లోపలికి రావడానికి లేదు గనుక కిటికీ అవతల నిలబడింది. విశ్వాసంగారు లేచి స్వాగతోపన్యాసం చదివారు.

"మహారాజశ్రీ మిస్సమ్మగారి దివ్యసముఖమునకు! కొల్లేటి నీటి నడుమ పద్మమువలె ప్రకాశించు మా సంఘమందు కలహము లేదు, కపటము లేదు, పరధనాపేక్ష లేదు. ఉన్న కొద్దిపాటి పాపమును పిల్లలయొద్ద ఉంచితిమి. దానిని ఈ దినమున మీ ఎదుట పరిహరింపజేయుచున్నాము. పిమ్మట మా సంఘము కేవలము నిష్పాపమై, ఒక సంగీత వాద్యమునకు అన్ని విధముల పాత్రమగునని మనవి."

ఈ తెలుగు మిస్సమ్మగారికి బాగా అర్థమైంది. ఎంతో సంతోషించారు.

పిల్లలు వరసగా లేచారు. ఏసుబాబు ప్రార్థన మరచిపోయానన్నది ఒప్పజెప్పాడు. జ్ఞానయ్యగారు గర్వంతో కళ్ళు తుడుచుకున్నారు. తల్లులు పెదవులు కదుపుతూ పిల్లలతో పాటు పాపాలు వల్లించారు. పేతురు లేని చెట్టు ఎక్కి లేని కాయలు కోశాడు. మిస్సమ్మగారు ప్రతిదానికీ "మిక్కిలి శ్లాఘనీయము" అన్నారు. హార్మనీ పెట్టె మీది గుడ్డ తీశారు. పెద్దలు దానివైపు చూస్తూ ఉండగా లిడియా వంతు వచ్చింది.

పిల్ల లేచింది. చేతులు కట్టుకోలేదు. కిటికీ వైపు చూసింది.

"అమ్మగారండీ, నేను చక్కెర తినలేదండీ. మా ఇంట్లో చక్కెర తాళం వేసి ఉంటుందండీ. నేను అబద్ధం చెప్పానండీ. మార్తమ్మత్త బాతుని తీసికెళ్ళలేదండీ. నేనే తెచ్చానండీ, పెదనాన్నగారు తెమ్మంటే."

గుళ్ళో విసనకర్రలు ఆగిపోయాయి. మిస్సమ్మగారు చిరునవ్వుతో అహరోనుగారి వైపు తిరిగారు. అహరోనుగారు విశ్వాసంగారి వైపు చూశారు. విశ్వాసంగారు కళ్ళతోనే ఒక తీర్మానం చేశారు.

"ఈ బాలిక శర్కరను భక్షించినదట. మఱియు పక్షుల యెడల దయమాలి ప్రవర్తించినదట" అని అహరోనుగారు తర్జుమా చేశారు.

"మిక్కిలి శ్లాఘనీయము" అన్నారు మిస్సమ్మగారు.

లిడియా పంతులుగారి వైపు చూసింది. నెలన్నర పాటు బెత్తం పెట్టి తనకు ఏ భాష నేర్పారో, ఆ భాష ఎవరి కోసమో, పిల్లకు అప్పుడు తట్టింది. చేతులు కట్టుకుంది. కాళ్ళు దగ్గరికి చేర్చింది. చక్కెర పాపం ఏ రాగంలో నేర్పారో ఆ రాగంలోనే ఎత్తుకుంది.

"నేను అబద్ధసాక్ష్యము పలికితిని. మార్తమ్మ దేవుని బాతును దొంగిలింపలేదు. మా పెదనాన్నగారి ఆజ్ఞచొప్పున నేనే దానిని తెచ్చితిని. ఈకలు పీకితిని. పెద్దలందరును దానిని భుజించిరి. ఇందుకై నేను బెల్లము పుచ్చుకొంటిని. మార్తమ్మ పల్లమందు ఉన్నది. నీరు వచ్చుచున్నది."

ఒక్క తప్పు లేదు. ఆ పిల్లకు ముందూ వెనకా మన సండేస్కూలులో అంత స్పష్టంగా ఒప్పజెప్పినవాళ్ళు లేరు. ఇది అహరోనుగారి బోధనకు దక్కిన గౌరవం.

మిస్సమ్మగారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. మన ఊరికి వచ్చిన ఇన్నేళ్ళలో ఒక మనిషి చెప్పిన నిజం ఆవిడకు నేరుగా అర్థం కావడం అదే మొదటిసారి.

"బాతు అనగా నీటియందు ఈదు పక్షియేనా?" అని అడిగారు.

"అవునండి. కాని ఇప్పుడు ఈదదు" అంది లిడియా.

అప్పుడు పేతురు లేచాడు. వాడి వంతు అయిపోయింది, ఎవరూ లేవమనలేదు. "కాళ్ళూ కార్జమూ జ్ఞానయ్యగారు తిన్నారండీ. మా అమ్మ అంట్లు తోమిందండీ" అన్నాడు. మిస్సమ్మగారు తర్జుమా కోసం చూశారు. అహరోనుగారు కిటికీ వైపు తిరిగారు. ఆవిడ లిడియా వైపు తిరిగారు.

"ఈతడేమనుచున్నాడు?"

"పాదములును కాలేయమును జ్ఞానయ్యగారు భుజించిరని అనుచున్నాడు. ఇతని తల్లి పాత్రలు తోమినదట."

ఆ తర్వాత ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. కమిటీ పంచిన పాపాలు నేల మీద పడ్డాయి. మావు చేపలు వచ్చాయి. ఎవరి వంతు నీళ్ళలో ఎవరి మావు ఉందో వచ్చింది. ఏసుబాబు కూడా లేచి, మా ఇంట్లో సాయంకాల ప్రార్థనే లేదండీ, మరచిపోవడానికి, అని చెప్పి కూర్చున్నాడు. అన్నిటినీ లిడియా నిలబడి తర్జుమా చేసింది. పెద్దలు ఈ అల్లరిని ఆపడానికి కీర్తన ఎత్తుకోమన్నారు. ఎవరూ ఎత్తుకోలేదు. హార్మనీ పెట్టె అక్కడే ఉంది. దాని మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

పాఠంలో రెండో ముక్క మిగిలి ఉంది. లిడియా వరసలోంచి బయటికి వచ్చి, తలుపు దాటి, కిటికీ కిందికి వెళ్ళింది. లోపలివాళ్ళకు ఇద్దరి తలలూ కనిపించాయి. మాటలూ వినిపించాయి.

"అత్తా, అబద్ధం చెప్పాను."

"తెలుసే. ఆ సోమవారం సాయంత్రం గంట తాడు పట్టుకున్నప్పుడు నీ గోళ్ళలో ఈకలున్నాయి."

"మరి చెప్పలేదేం?"

"చెబితే నిన్నూ మీ అమ్మనీ కూడా పల్లంలోకి దింపుతారని. నా పాకలో ముగ్గురికి చోటెక్కడిదే?"

ఇది విని గుళ్ళో కొందరు నేల వైపు చూశారు. నేల ఊడ్చి చాలా రోజులైంది.

మిస్సమ్మగారు పెద్దలను ఒక్కటే అడిగారు. పిల్లలు ఒప్పుకొన్నారు గదా, మీరేమందురు? పెద్దలు వారం గడువు కోరారు. ఆవిడ హార్మనీ పెట్టెను తిరిగి దోనె ఎక్కించుకుని వెళ్ళిపోయారు. వెళుతూ, ఏలూరు నుంచి ఒక విచారణ సంఘాన్ని పంపిస్తానన్నారు. ఆ సంఘం వస్తుంది. వరద తీశాక. వరదలో దోనె ఎక్కడం వాళ్ళకు క్షేమం కాదట.

గడువులోగా మన పెద్దలు సమావేశమై, అన్ని కోణాల నుంచీ ఆలోచించి, చేసిన తీర్మానాలను మీ అందరి ముందూ పెట్టడం నా ధర్మం. తిన్న సంగతిని పెద్దలు ఎవరికివారు రహస్యంగా దేవునితో ఒప్పుకున్నారు. దేవుడు సంఘం కన్నా పై అధికారి. ఆయన దగ్గర ఫైసలైన దాన్ని కింది కోర్టులో తిరగదోడడానికి వీల్లేదు. అదీగాక బాతు దేవునిది, పెద్దలు దేవుని సేవకులు, ఇంటి వస్తువు ఇంట్లోవాళ్ళు తింటే దాన్ని దొంగతనమనరు. మార్తమ్మ నిర్దోషి అని తేలినందుకు కమిటీ ఎంతో ఆనందిస్తోంది. అయితే ఆమెను వెలివేసిన తీర్మానాన్ని రద్దుచేయాలంటే, దోషం లేని పెద్దలు ముగ్గురైనా కూర్చోవాలి. అటువంటి ముగ్గురు ప్రస్తుతం దొరకనందున ఆ విషయం వాయిదా పడింది. ఒప్పుకోలు పాఠాన్ని సండేస్కూలులోంచి తీసివేశారు. దాని బదులు పెద్దల మాట వినుట అనే పాఠం పెట్టారు.

ఇక లిడియా. సంఘమంతటిలో పాపం చేశానని బహిరంగంగా ఒప్పుకున్న దోషులు పిల్లలే. వాళ్ళందరికీ ఆమె నాయకురాలు. దోషం రుజువైన చోట శిక్ష పడాలి గదా? హార్మనీ పెట్టె పోగొట్టినందుకూ, ఒప్పుకున్నందుకూ, ఆ పిల్ల సంఘానికి క్షమాపణ చెప్పాలన్నారు. ఏమని చెప్పాలో కూడా కమిటీయే కూర్చి ఇచ్చింది. నాలుగే వాక్యాలు. ప్రతి ఆదివారం అహరోనుగారు ఆమెను లేపుతున్నారు. ప్రతి ఆదివారం ఆమె చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో మర్యాదగా ఒకే మాట చెబుతోంది.

"నోటికి రావట్లేదండీ, పంతులుగారూ."

అంత పెద్ద పాఠం ఒక్క తప్పు లేకుండా చెప్పిన పిల్లకు ఈ నాలుగు వాక్యాలు రావడం లేదు. యేసమ్మను విశ్వాసంగారు పిలిచి, నీ కూతురికి నోరు తిరగకపోతే నీకు నా ఇంట్లో తిరగలి తిరగదని చెప్పారు. యేసమ్మ కూతుర్ని కొట్టలేదు. చాప చుట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని, పల్లంలోకి దిగింది. పాకలో ఇప్పుడు ముగ్గురున్నారు. చోటు చాలింది.

కొల్లేరు మన వాయిదాలు వినదు. నిన్న తుంగ మొదలు తడిసింది. ఈ పొద్దున పాక వెనక దడి తడిసింది.

కాబట్టి జరగవలసింది చెబుతున్నాను. విచారణ సంఘం కోసం చూడొద్దు. విశ్వాసంగారూ, జ్ఞానయ్యగారూ, మీరు స్వయంగా పల్లంలోకి దిగి, ఆ రెల్లూ ఆ వాసాలూ మీ నెత్తిన పెట్టుకుని, మెరక మీదికి మోసుకురండి. పాలేర్లను పంపొద్దు. గంట తాడు మార్తమ్మ చేతికివ్వండి. తర్వాత పిల్లలు నిలబడిన చోట మీరూ వరసగా నిలబడి, తిన్నామని చెప్పండి. దేవునితో చెప్పేశామనొద్దు. మార్తమ్మతో చెప్పండి, ఏసోబుతో చెప్పండి. భుజించితిమి, భక్షించితిమి వద్దు. తిన్నామండీ అనండి. దానికి తర్జుమా అక్కర్లేదు.

ఇది చదివి, బాగా పెట్టాడురా పెద్దలకు అని తొడ చరుచుకుంటున్న లంకవాసులారా, మీరు కూర్చోండి. మీకూ ఒక మాట ఉంది. ఆ సోమవారం మధ్యాహ్నం పడమటి గాలి వీచిందని చెప్పాను. ఊరికి పడమట ఉన్నది విశ్వాసంగారి వంటిల్లు. ఆ వాసన రాని గడప ఈ లంకలో లేదు. మసాలా బాగా కుదిరిందని మెచ్చుకున్నవారూ ఉన్నారు. తర్వాతి ఆదివారం మార్తమ్మను నిలబెట్టి బాతేదని అడుగుతుంటే, అదే ముక్కులు పెట్టుకుని గుడి నిండా కూర్చున్నది మీరే.

ఆ రోజు ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూసుకున్నది నోరు. నీళ్ళు గుమ్మం దాకా రాకముందే దాన్ని తెరవండి. మోయడానికి వాసాలు చాలా ఉన్నాయి. పెద్దలిద్దరికీ మించిన బరువే.